మగ్గం గుంత పక్కన పెద్ద స్పీకరు

మా అన్నకు క్షయ తగ్గింది, చెవులు పోయాయి. రెండూ ఒకే సూదిమందు చేసిన పనులు కావడంతో ఎవరిని తిట్టుకోవాలో మాకు తెలియలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. ముందు గదిలో కాళ్లు దించుకునే గుంతతో అన్న మగ్గం, వెనక గదిలో నాది. అన్న పగలంతా నేసి, శనివారం సాయంత్రాలు భజనలో మద్దెల వాయించేవాడు. సూదులు మొదలైన కొన్నాళ్లకు చెవుల్లో కీచురాళ్లు అరుస్తున్నాయన్నాడు. నీరసం అనుకున్నాం. ఒకరోజు వదిన అతని వెనక కూర్చుని పట్టుదారం కండెలకు చుడుతోంది. గాజులు గలగలమంటూనే ఉన్నాయి. అన్న తల తిప్పకుండానే అడిగాడు, "గాజులు తీసేసినావా ఏమి?"

వదిన చెయ్యి ఆగిపోయింది.

అనంతపురం తీసుకుపోయి చెవుల డాక్టరుకు చూపించాను. ఆయన చాలాసేపు పరీక్ష చేసి నన్ను పక్కకు పిలిచాడు. "ప్రాణం నిలిచింది, నరం పోయింది. దానికి మందు లేదు. సన్నటి శబ్దాలు ముందు పోతాయి. డోలు మోతలాంటి లావు శబ్దాలు ఇంకొన్నాళ్లు వినపడొచ్చు" అన్నాడు.

తిరుగు బస్సులో అన్న "ఏమన్నాడ్రా?" అని అడిగాడు. చెప్పాలంటే అరవాలి. బస్సు నిండా జనం. "ఇంటికి పోయినాక చెప్తాలే" అని చేత్తో సైగ చేశాను. ఇంటికి వెళ్లాక వదిన ముఖం చూసే అన్నకు అర్థమైంది.

లావు శబ్దాలు ఇంకొన్నాళ్లు. నేను ఆ మాట పట్టుకున్నాను. మా బావ కువైట్ నుంచి వస్తూ తెచ్చిన స్టీరియో ఒకటి ఇంట్లో ఉంది, రెండు చిన్న స్పీకర్లతో. నేసేటప్పుడు అది పాడుతూ ఉండటం అన్నకు అలవాటు. రేడియోలు బాగుచేసే అతని దగ్గరికి వెళ్లి, లావు శబ్దం కావాలని అడిగాను.

"మోత పెరగాలని అందరూ కడవలో పెడతాండారు కదప్పా స్పీకరు, నువ్వూ పెట్టు" అన్నాడు.

పెట్టాను. పాడేవాళ్లు బావిలోంచి పాడుతున్నట్టు వినిపించింది. అన్న తల అడ్డంగా ఊపాడు. మళ్లీ వెళ్లి ఎవరికోసమో చెప్పాను. అతను ముదిగుబ్బ దగ్గర మూతపడిన టూరింగ్ టాకీసు స్పీకరు ఒకటి ఉందని చెప్పి, తనే బస్సు మీద వెళ్లి తెచ్చాడు. అన్నం పళ్లెం కన్నా పెద్దది. వడ్రంగి దానికి గాలి బయటికి పోని మందపాటి పెట్టె చేశాడు. సన్నటి శబ్దాన్ని ఆపి లావుదాన్నే దానికి పంపేలా రాగితీగ చుట్టలు, ఇంకో ఆంప్లిఫయరు బిగించారు. ఇప్పుడు సబ్ వూఫర్ అంటున్నారు. మాకు అప్పుడది పెద్ద స్పీకరు, అంతే.

మగ్గం గుంత పక్కనే పెట్టి, భజన క్యాసెట్ వేశాం. గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. గుంతలో అన్న కాళ్లు తొక్కుడు చెక్కల మీద ఆగిపోయాయి.

"మద్దెల!" అన్నాడు. "వినపడతాండాదిరా!"

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. రేడియో అతను తన పనిముట్ల డబ్బా మీద దరువేస్తూ నవ్వాడు. ఆ రోజు మా ఇంట్లో పండగలా గడిచింది.

తర్వాత కొన్ని నెలలు రోజూ అదే. అన్న ఇంకొంచెం పెంచమనేవాడు, నేను పెంచేవాణ్ని. పక్కింటి ముసలమ్మ వచ్చి "ఏమప్పా, గోడలు కూలగొడతారా?" అని అరిచింది. కారణం తెలిశాక ఏమీ అనకుండా, పాట మొదలవగానే తన చాప తీసుకుని వీధి చివరకు వెళ్లి కూర్చునేది. అది చూస్తే నాకు సిగ్గేసేది. అయినా తగ్గించలేకపోయాను.

ఒక పొద్దున అన్న గుంత అంచున కూర్చుని, మద్దెలకు తగ్గట్టు కూర్చున్న పలక మీద వేళ్లతో దరువేస్తున్నాడు. క్యాసెట్లో ఆ పాట అయిపోయి ఇంకోటి మొదలైంది, నిదానంగా నడిచేది. అన్న వేళ్లు మాత్రం పాత పాటతోనే పరిగెడుతున్నాయి. వదినా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. అన్న మమ్మల్ని చూశాడు. వేళ్లు ఆపాడు.

"చెవికి ఎప్పుడో పోయిందిరా" అన్నాడు. "కాళ్లకు అదురు తెలుస్తాండాది, దరువు తెలీదు. మీరు సంబరపడతాంటే చెప్పలేకపోయినా."

నేను నేరుగా రేడియో అంగడికి పరిగెత్తాను. ఇంకా పెద్ద స్పీకరు కావాలన్నాను. అతను చేతిలో పని కింద పెట్టాడు. "ఇంగ యాడిదన్నా తెస్తా. కానీ ఏం లాభమప్పా? వినే చెవే ఆడ లేకపోయె" అన్నాడు. అతని మీద కోపం వచ్చింది.

అన్న భజనకు వెళ్లడం మానుకున్నాడు. మద్దెలను వేరే ఆయనకు ఇచ్చేశాడు. నేయడం మానలేదు. పోగు తెగిన చప్పుడు వినపడదు కాబట్టి మాటిమాటికీ ఆపి, వంగి చూసుకునేవాడు. చీర మగ్గం దిగడానికి ఎక్కువ రోజులు పట్టేది.

"ఆ పెట్టె తీసేద్దామా?" అని చేత్తో అడిగాను ఒకసారి.

"ఉండనీలే" అన్నాడు.

నాకు ఇంకేం చేయాలో తెలియక రోజూ పొద్దున క్యాసెట్ వేసేవాణ్ని. ఏది వేశావని అన్న అడగడం మానేశాడు. కొన్నాళ్లకు నేను కూడా ఏది దొరికితే అది వేయసాగాను.