మూడు అభిప్రాయాల పిల్లనగోవి

పాతపట్నం బజారులో భీమశంకరరావు గారి ఫ్యాన్సీ షాపులో అడిగిన వస్తువు అడిగిన నిమిషంలో దొరుకుతుంది, ఒక్క రేకు పిల్లనగోవి తప్ప. సరుకు లేక కాదు. కౌంటరు వెనక అలమరలో రెండు వందలున్నాయి, పచ్చ ప్లాస్టిక్ మూతులతో తళతళలాడుతూ, ఒక్కోటి తొంభై రూపాయలు. అయినా అమ్మరు. పిల్లనగోవి అమ్మాలంటే ముందు దాని మీద ముగ్గురు విద్వాంసుల అభిప్రాయం తీసుకోవాలని ఆయన పెట్టుకున్న నియమం. ఆ ముగ్గురూ ఒక్క మాట మీదికొచ్చిన రోజు ఆ షాపు చరిత్రలో లేదు.

పోనీ మిగతా సరుక్కి కూడా ఇంత పట్టింపు ఉందా అంటే, రామరామ, అదేమీ లేదు. కారిపోయే మగ్గుని పూలమొక్కలకి ఇదే మంచిదని అంటగట్టిన మనిషి. పళ్ళు ఊడిన దువ్వెనని ఒక బట్టతల పెద్దమనిషికి చూపించి, మీకు ఈ ఉన్న పళ్ళే ఎక్కువండీ అని ఒప్పించిన మనిషి. మౌతార్గాను అడిగితే మారు మాట్లాడకుండా కాగితంలో చుట్టి ఇచ్చేస్తారు. పిల్లనగోవి అనేసరికి మాత్రం ఎక్కడలేని ధర్మమూ ఆయన నెత్తి మీదికి దిగుతుంది.

ఆ ముగ్గురూ రోజూ సాయంత్రం అయిదింటికి షాపుకొస్తారు. ఎవరి స్టూలు వాళ్ళకుంది. షావుకారు గారి భార్య కన్యాకుమారి గారు ఇంట్లోంచి అటుకుల ఉప్మా, టీ పంపిస్తారు. ఖాళీ కడుపుతో ఊదితే పిల్లనగోవిది తప్పో కడుపుది తప్పో తేలదని ఆయన సిద్ధాంతం. తిని చేతులు కడుక్కున్నాక అలమరలోంచి ఒక పిల్లనగోవి తీసి, దేవుడి ముందు పెట్టినట్టు బల్ల మీద పెట్టి, కాస్త చూడండి అంటారు.

మొదట సోములు. నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళలో సన్నాయి ఊదిన మనిషి. ఊదితే దవడ నొప్పెట్టాలి, దవడ నొప్పెట్టనిది వాయిద్యమే కాదని ఆయన నమ్మకం. ఈ రేకు దాంట్లో గాలి ఇలా పెడితే అలా పోతోందని పెదవి విరుస్తాడు. తరవాత ఎల్లాజీ. బ్యాండు మేళంలో క్లారినెట్టు ఆయనది. వీధిలో రెండో కరెంటు స్తంభం దాకా వినపడాలి, అదొక్కటే ఆయనకి పరీక్ష. ఆ స్తంభం దగ్గరున్న టైలరు చెయ్యెత్తితే పాసు, లేకపోతే ఫెయిలు. ఆఖరున అనూరాధ గారు. బడిలో సంగీతం చెప్పి రిటైరైన మనిషి. కళ్ళు మూసుకుని వింటారు. విన్నాక, 'ప' స్వరం కాస్త కిందికి జారిందన్నట్టు, ఎంతో బాధగా, పంచమం పడుకుందండీ అంటారు.

సోములు బాగుందంటే ఎల్లాజీ కాదంటాడు. ఆ ఇద్దరూ సరేనంటే అనూరాధ గారి పంచమం పడుకుంటుంది. ఎవరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. భీమశంకరరావు గారు అంతా శ్రద్ధగా విని, పెద్ద నిట్టూర్పు విడిచి, పిల్లనగోవిని మళ్ళీ అలమరలో పెట్టేసి, కొనడానికొచ్చిన వాళ్ళని రేపు రమ్మంటారు. భావనపాడు నుంచి ఒక పడవ యజమాని కూతురి కోసమని మూడుసార్లు బస్సెక్కి వచ్చాడు. మూడోసారి అభిప్రాయాలు సగంలో ఉండగానే ఆఖరి బస్సు వచ్చేసింది. పాపం, మౌతార్గాను పుచ్చుకుని పరిగెత్తాడు.

అటువంటి షాపులోకి ఒకనాడు శ్రావణి వచ్చి ముప్ఫై పిల్లనగోవులు కావాలంది.

శ్రావణి ఊరి ఆడపిల్లల బడిలో ఆటల టీచరు. చేరి ఏడాదైనా కాలేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ముప్ఫై మందితో బ్యాండు కడతానని పట్టుబట్టి, శుక్రవారం ఆఖరి పీరియడు దానికి సంపాదించింది. ఆ పీరియడు మీద హెడ్మాస్టరు మోహనకృష్ణ గారి కన్నుంది. ఆయన లెక్కల మనిషి. పంద్రాగస్టు నాడు జెండా దగ్గర ఒక్క పాట సరిగ్గా వినిపిస్తే ఆ పీరియడు మీది, లేదంటే లెక్కలది అని తేల్చేశారు. లెక్కలంటే పిల్లలకి చలిజ్వరం. వాళ్ళ మొహాలు చూసి శ్రావణి సరేనంది. అప్పటికి మూడు వారాల గడువుంది.

శ్రీకాకుళం వెళ్ళి చూస్తే వెదురువి దొరికాయి గాని, చిన్న వేళ్ళకి రంధ్రాలు అందవు. ఫోనులో ఆర్డరు పెడదామంటే ఒక్కోటి అయిదింతల ధర. ఆ పిల్లల ఇళ్ళలో వంద రూపాయలంటే ఒకపూట వరి నాట్ల కూలిలో పెద్ద భాగం. కాబట్టి భీమశంకరరావు గారి అలమర తప్ప దిక్కులేదు.

"ముగ్గురూ ఒక్క మాట సెప్పనీండమ్మా. బేగి తేలిపోతాది," అన్నారాయన.

అలాగేనని శ్రావణి మర్నాడు అయిదింటికి వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. నాలుగో రోజు నుంచి నాలుగో స్టూలు తనే లాక్కుని కూర్చుంది. ఆ పిల్లది ఉడుంపట్టు. ఇక్కడ చూస్తే వీళ్ళవి మూడు ఉడుంపట్లు. ఏడో రోజు సోములు ఒప్పుకున్నాడు. అనూరాధ గారు కళ్ళు తెరిచి, ఇవాళ పంచమం లేచి కూర్చుందన్నారు. ఎల్లాజీ వీధిలోకి వెళ్ళి ఊదాడు. రెండో స్తంభం దగ్గర టైలరు చెయ్యెత్తాడు. శ్రావణి ఎగిరి గంతేసినంత పని చేసింది.

అయితే సోములు, వాడు చెయ్యెత్తింది చెమట తుడుచుకోడానికని అభ్యంతరం చెప్పాడు. దాని మీద ముప్పావుగంట వాదన. చివరికి టైలర్నే పిలిపించారు. తనకసలేమీ వినపడలేదనీ, అంతకుముందు మూడేళ్ళలో కూడా ఎప్పుడూ వినపడలేదనీ ఆయన నిజం చెప్పేశాడు. దాంతో మూడేళ్ళ అభిప్రాయాలూ మొదటికొచ్చాయి. గోల భరించలేక శ్రావణి మెళ్ళో ఉన్న ఆటల ఈల తీసి గట్టిగా ఊదింది. అందరూ ఆగిపోయారు. ఈ ఈల చాలా బాగుందని ముగ్గురూ ఏకగ్రీవంగా అన్నారు. భీమశంకరరావు గారు మొహం చిన్నబుచ్చుకుని, అది మన షాపుది కాదన్నారు.

ఇలా పన్నెండు రోజులు గడిచాయి. బడిలో పిల్లలు పెన్సిళ్ళు పట్టుకుని వేళ్ళు ఆడించడం నేర్చుకుంటున్నారు. ఇంక లాభం లేదని శ్రావణి ఆ రాత్రి ఫోనంతా వెతికింది. శ్రుతి చూసే యాప్ ఒకటి కనపడింది. ఫోను ముందు ఊదితే చాలు, సరిగ్గా ఉంటే పచ్చదీపం, తప్పితే ఎర్రదీపం. అభిప్రాయాలూ లేవు, ఉప్మాలూ లేవు. పొద్దున్నే షాపు తీసే వేళకి వెళ్ళి, ఆ ముగ్గురూ రాకముందే ముప్ఫై ఏరుకుని వచ్చేస్తానని ఒట్టేసుకుంది.

ఆరున్నరకి వెళ్ళేసరికి షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల్నించి కూ, కూ అని వినపడుతోంది. వంగి చూసింది. భీమశంకరరావు గారు లుంగీతో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా పౌడరు డబ్బాకి ఆనించిన ఫోను. బుగ్గలు పూరించి ఒక్కో పిల్లనగోవీ ఊదుతున్నారు. ఫోనులో ఎర్రదీపం వెలిగితే అలమరలోకి, పచ్చదీపం వెలిగితే పక్కనున్న బిస్కెట్ల డబ్బాలోకి. ఆ డబ్బా మీద కాగితం అంటించి, టీచరమ్మకి ముప్ఫై అని ఎర్రసిరాతో రాసి ఉంది.

అదే యాప్.

ఆయన తలెత్తి చూసి, దొరికిపోయిన మొహం పెట్టి, షట్టరు తగుల్తాది చూసుకోండమ్మా అన్నారు. ఆ డబ్బా ఎన్నాళ్ళ కిందట నిండిందని శ్రావణి అడిగింది. ఆమె వచ్చిన మూడో రోజుకే నిండిపోయిందట. రెండు వందల్లో ముప్ఫై నాలుగింటికే పచ్చదీపం వెలిగిందట. ఇప్పుడు మళ్ళీ ఊదుతున్నది, పొరపాటున చెడ్డదేదైనా కలిసిందేమోనని.

"మరి పన్నెండు రోజులు నన్నెందుకు తిప్పేరండీ? ఇంక తొమ్మిది రోజులే ఉన్నాయి నాకు. ఆ పీరియడు పోతే ఆ పిల్లలకి నేనేటి చెప్పాలి?"

ఆయన చేతిలో ఉన్న పిల్లనగోవి మూతి లుంగీ అంచుతో తుడిచి పక్కన పెట్టారు.

"తప్పేనమ్మా. నాకు సంగీతం ముక్క తెల్దు. కుక్కరు ఈలకీ దీనికీ తేడా తెల్దు నాకు. పెళ్ళిళ్ళకి డీజే పెట్టెలొచ్చీసినాయి కదా, సోములు మావ రెండేళ్ళు గుమ్మం దాటి రాలేదు. ఎల్లాజీ బావ క్లారినెట్టు పెట్టె అటక మీద పడున్నాది. అనూరాధమ్మ గారు దిగిపోయినాక ఆ పోస్టే తీసీసినారు. ఓరోజు సోములు మావ అగరొత్తులకొస్తే, ఊసుపోక ఒకటి సేతికిచ్చి, ఇదెలాగున్నాది మావా అనడిగినాను. గంటసేపు సెప్పినాడు. మర్నాడు పొందూరు ఖద్దరు సొక్కా ఇస్త్రీ సేయించుకుని మళ్ళీ ఒచ్చినాడమ్మా."

శ్రావణి డబ్బాలోంచి ఒకటి తీసి చూస్తుండగా ఆయనే మళ్ళీ అందుకున్నారు.

"మీరొచ్చినాక ముగ్గురూ అయిదింటికి రావలిసినోళ్ళు నాలుగింటికే వస్తన్నారు. ముప్ఫై మంది పిల్లల కోసమంటే నికరమైన పని కదా. అది తొరగా అయిపోతాదని నేనే సాగదీసినాను. ఈ ఫోను సెప్పీస్తాదని ఆళ్ళకి తెలిస్తే, రేపట్నించి ఏటని పిలవాల ఆళ్ళని?"

శ్రావణికి జాలి కలిగింది. కోపం కూడా కలిగింది. ముందు కోపం సంగతి చూసుకుందామని డబ్బా చంకలో పెట్టుకుని, తొంభై చొప్పున లెక్క అక్కడే తీర్చేసి, తిన్నగా బడికి నడిచింది.

బడిలో ముప్ఫై పిల్లనగోవులూ ముప్ఫై మందికి పంచింది. ఊదమంది. అమ్మ బాబోయ్, గేటు దగ్గర మేకలు చెదిరిపోయాయి. మోహనకృష్ణ గారు కిటికీలోంచి చూసి, అప్పుడే ఆ పీరియడుకి లెక్కల పుస్తకం సర్దుకుంటున్నట్టు నవ్వారు. శ్రావణి ఫోను తెరిచింది. అది ఎర్రదీపం వెలిగించి ఊరుకుంది. తప్పని చెప్పింది గాని, వేలు ఎక్కడ ఎత్తాలో, ఊపిరి ఎక్కడ ఆపాలో చెప్పలేదు. శ్రావణికి కబడ్డీ వచ్చు, ఖోఖో వచ్చు, జావెలిన్ విసరడంలో జిల్లా పతకం ఉంది. పిల్లనగోవి మాత్రం రాదు. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా చెప్పుకోలేదు.

ఆ సాయంత్రం అయిదింటికి మళ్ళీ షాపుకొచ్చింది. ఆమెని చూడగానే భీమశంకరరావు గారు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. గుట్టు బయటపెట్టేస్తుందని ఆయన భయం. ఆ రోజు ఉప్మా తనే పట్టుకొచ్చిన కన్యాకుమారి గారు కూడా గిన్నెతో అలాగే నిలబడిపోయారు.

"మీ ముగ్గురి మాటా తేలకుండానే ముప్ఫై పట్టుకుపోయానండీ. నాకు గడువు లేదు," అంది శ్రావణి ముగ్గురి వంకా చూసి. "ఇంక వాటి మీద మీ అభిప్రాయం నాకక్కర్లేదు. ఊదే పిల్లల మీద కావాలి. రేపు నాలుగున్నరకి బడికి రావాలి మీరు."

సోములు కండువా సర్దుకున్నాడు. తర్వాత, మా ముగ్గురికీ ఒక్క మాట కుదరదు తల్లీ, పిల్లలు పాడైపోతారన్నాడు.

"కుదరక్కర్లేదు. పిల్లలు ముప్ఫై మంది. తలో పదిమందినీ తీసుకోండి."

ఆటల టీచరు కదా, జట్లు విడగొట్టడం ఆమెకి తెలిసిన విద్య. భీమశంకరరావు గారు ఊపిరి పీల్చుకుని, ఆ రోజు అందరికీ రెండోసారి టీ తెప్పించారు.

ఆ మిగిలిన రోజులన్నీ బడి గ్రౌండులో మూడు రాజ్యాలు నడిచాయి. సోములు జట్టు పిల్లలు దవడలు పట్టుకుని ఇళ్ళకి వెళ్ళేవారు. ఎల్లాజీ తన పదిమందినీ గేటు దగ్గర నిలబెట్టి, తను అవతలి గోడ దగ్గరికి పోయి, వినపడలేదని కేకలేసేవాడు. అనూరాధ గారి జట్టులో పాట మొదలవకుండానే నాలుగు రోజులు పంచమం ఒక్కటే నడిచింది. జెండా దగ్గర ఊదే పాటకి ఒక వరస ఎల్లాజీ కట్టాడు. అది బాగులేదని సోములు అన్నాడు. బాగులేదంటూనే దానికి ఒక మెలిక కలిపాడు. ఆ మెలిక తీసెయ్యమని చెప్పబోయి, అనూరాధ గారు మనసు మార్చుకుని ఉంచేశారు. శ్రావణి రోజూ కాళ్ళు నొప్పెట్టేదాకా ఆ మూడు జట్ల మధ్యా తిరిగింది. పాట వచ్చి తీరాలి, అంతే.

పంద్రాగస్టు నాడు భీమశంకరరావు గారు షాపుకి తాళం వేసి, భార్యని తీసుకుని బడికొచ్చారు. జెండా ఎగిరింది. ముప్ఫై మంది వరసల్లో నిలబడ్డారు. ఊదారు. మధ్యలో రెండో వరస చివరి పిల్ల తొందరపడి ముందుకి వెళ్ళిపోయింది. వెళ్ళి, అక్కడ ఆగి, మిగతా వాళ్ళు వచ్చాక కలిసింది. పాట సాంతం నడిచింది, ఎక్కడా కూలబడకుండా. వెనకున్న తల్లులు కూడా చప్పట్లు కొట్టారు.

మోహనకృష్ణ గారు మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నారు. శుక్రవారం ఆఖరి పీరియడు బ్యాండుదేననీ, ఈ ముగ్గురు గురువులూ వీలుంటే ప్రతి శుక్రవారం రావాలనీ చెప్పారు. పిల్లల అరుపులకి ఆ తరవాత ఆయన లెక్కల గురించి చెప్పింది ఎవరికీ వినపడలేదు. సోములు, ఎల్లాజీ, అనూరాధ గారు అప్పటికే ఆ తొందరపడిన పిల్ల ఎవరి జట్టుదని వాదించుకుంటున్నారు.

శ్రావణి భీమశంకరరావు గారి కుర్చీ దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్ళూ అందరి అభిప్రాయం ఆయన అడగడమే గాని, ఆయన్ని అడిగిన వాళ్ళు లేరు.

"మీకెలాగుందండీ షావుకారు గారూ?"

ఆయన కంగారుపడి భార్య వంక చూశారు. ఆవిడ మీరే చెప్పుకోండన్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన కుర్చీలోంచి లేచి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు.

"పాట నేను ఇన్లేదమ్మా. ఆ ముగ్గురి మొహాలూ సూస్తా ఉండిపోనాను. ఏటనుకోకండి, ఇంకోపాలి ఊదమనండి."

శ్రావణి పిల్లల వైపు తిరిగి చెయ్యెత్తింది. ముప్ఫై మందీ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.