అట్ట మీద లేని పేరు

జుబియా చదివిన మొదటి నవలకు చివరి పదహారు పేజీలు లేవు. అవి అప్పటికింకా అచ్చు కాలేదు.

వాళ్ళ నాన్న కరిముల్లా పుస్తకాలు బైండు చేసేవాడు. విజయవాడ వించిపేటలో వాళ్ళ ఇంటి ముందు గదే ఆయన పనిచోటు. ఏలూరు రోడ్డు పబ్లిషర్ల దగ్గర్నుంచి అచ్చయిన పెద్ద పెద్ద కాగితాలు రిక్షాలో వచ్చేవి. ఒక్కో కాగితంలో పదహారు పేజీలు. దాన్నే ఫారం అంటారు. ఫారాలు మడతపెట్టి, వరసగా పేర్చి, కుట్టి, అట్ట వేస్తే పుస్తకం. మడతలు పెట్టే పని ఇంట్లో ఆడవాళ్ళది. తల్లి జైతూన్ బీ, అక్కలిద్దరూ ఉర్దూలో కబుర్లాడుకుంటూ మడతలు పెట్టేవాళ్ళు. చిన్నది జుబియా మడత పెడుతూ చదివేది. ఏ ఫారం ముందొస్తే కథ అక్కణ్ణుంచి మొదలు. ఒక్కోసారి హత్య జరక్కముందే హంతకుడు దొరికిపోయేవాడు. ఆఖరి ఫారం రావడం ఆలస్యమైతే ముగింపు తనే ఊహించుకుని, వచ్చాక పోల్చి చూసుకునేది. చాలాసార్లు తనదే బాగుందనిపించేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆమె ఇంటర్ చదువుతుండగా తల్లి పోయింది. అక్కల పెళ్ళిళ్ళయ్యాయి. పెద్దక్క తెనాలి వెళ్ళింది, రెండో అక్క అఫ్సానా ఏలూరు వెళ్ళింది. తండ్రికి చూపు మందగించడంతో సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి జుబియాయే చూసుకోవలసి వచ్చింది. సంబంధాలు కొన్ని వచ్చాయి. నాన్నని ఎవరు చూస్తారని ఆమె నాన్చింది. తర్వాత అవీ రావడం మానేశాయి.

తొంభైలో ఒక రోజు పబ్లిషరు వెంకటసుబ్బారావు వాళ్ళింటికి వచ్చాడు. కంకిపాడు దగ్గర పొలం కౌలుకిచ్చి, పుస్తకాల మీద మోజుతో బెజవాడలో మకాం పెట్టిన మనిషి. నెలకో డిటెక్టివ్ నవల వేసేవాడు. అన్నిటి మీదా ఒకటే పేరు, రుద్రకాంత్. నిజానికి అలాంటి మనిషి ఎవరూ లేరు. పేరు వెంకటసుబ్బారావుది. రాసేది ఎవరు దొరికితే వాళ్ళు.

ఆ రోజు ఆయన స్టూలు మీద కూలబడి, "కరిముల్లా, ఈ నెల పుస్తకం రాదయ్యా. సగం పైన అచ్చయిపోయింది. రాసేవాడేమో సినిమాల్లో చేరతానని మద్రాసు బండెక్కేశాడు. హంతకుడెవరో కూడా చెప్పి చావలేదు" అన్నాడు.

గుమ్మానికి అవతల ఫారాలు మడుస్తున్న జుబియా, "ఆ కాంపౌండరేనండి" అంది.

వెంకటసుబ్బారావు అటు తిరిగాడు. "ఎలా చెప్పావమ్మాయ్?"

"మూడో ఫారంలో మందు సీసా కడిగి బోర్లించాడు కదండీ. ఎవరూ కడగమనలేదు."

ఆయన స్టూలు గుమ్మం వైపు జరుపుకున్నాడు. తర్వాత, "మిగతాది రాసిస్తావా?" అని అడిగాడు.

జుబియా తండ్రి వైపు చూసింది. కరిముల్లా చేతిలో సూది పక్కన పెట్టి, "పిల్ల పేరు మాత్రం బయటికి రాకూడదండీ" అన్నాడు.

"ఎవరి పేరూ రాదయ్యా. రుద్రకాంత్ అనేది మా షాపు బోర్డు లాంటిది."

అలా జుబియా రుద్రకాంత్ అయింది. మిగిలిన రెండు ఫారాలూ రాసింది. మరుసటి నెల పుస్తకం మొత్తం రాసింది. ఏడాది తిరిగేసరికి రుద్రకాంత్ అంటే ఆమె ఒక్కతే.

రివాల్వరు పట్టుకునే పాత డిటెక్టివుని పక్కన పెట్టి, ఆమె సదాశివం అనే రిటైరైన రైల్వే టీసీని తెచ్చింది. టికెట్ లేనివాడి మొహం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. నేరం చేసినవాడి మొహాన్నీ అలాగే పట్టేసేవాడు. ఆయన భార్య కామేశ్వరి ఇల్లు కదలదు. కానీ కేసులో అసలు చిక్కుముడి ఎప్పుడూ ఆవిడ మాటతోనే విడిపోయేది. పాఠకులకు సదాశివం నచ్చాడు, కామేశ్వరి మరీ నచ్చింది. మగవాడై ఉండి ఆడవాళ్ళ మాటల్ని ఇంత బాగా ఎలా పట్టుకున్నారని రుద్రకాంత్ గారికి ఉత్తరాలొచ్చేవి. వెంకటసుబ్బారావు వాటిని తెచ్చిచ్చి నవ్వేవాడు. జుబియా చదివి తిరిగి ఇచ్చేసేది.

అక్కలకి తెలియదు. ప్రెస్సు వాళ్ళ రాత పనేదో చేస్తోందనుకునేవాళ్ళు. వీధిలో వాళ్ళకీ అంతే. అప్పుడప్పుడూ మధ్యాహ్నం పూట ఆమె బస్టాండుకి వెళ్ళి, బందరు బస్సులు ఆగేచోట బల్ల మీద కూర్చునేది. ఎవరో ఒకరి చేతిలో రుద్రకాంత్ ఉండేది. ఒకసారి ఒకాయన తన బస్సు వెళ్ళిపోతున్నా తలెత్తలేదు. ఆయన ఏ పేజీలో ఉన్నాడో జుబియా పక్క నుంచి చూసింది. పలకరించాలనిపించింది. ఏమని పలకరించాలో తెలియక లేచి వచ్చేసింది.

తొంభై అయిదు వానాకాలంలో కరిముల్లా పోయాడు. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. అక్కలు వచ్చి నలభయ్యో రోజు దాకా ఉండి, వాళ్ళ సంసారాలకి వాళ్ళు వెళ్ళిపోయారు. అఫ్సానా తనతో ఏలూరు వచ్చేయమంది. "రాత పని ఒప్పుకున్నా కదా" అంది జుబియా. బైండింగు సామాను వేరే బైండరుకిచ్చేసింది. ముందు గది ఖాళీ అయింది. కాగితం వాసన మాత్రం చాన్నాళ్ళు పోలేదు. ఒక్కదానికి ఎంత బియ్యం పొయ్యాలో ఆమెకి కొన్నాళ్ళపాటు తెలియలేదు. ప్రతిపూటా అన్నం మిగిలిపోయేది.

ఆ నెల నవలలో కామేశ్వరి చనిపోయింది.

రాతప్రతి చదివి వెంకటసుబ్బారావు కంగారుగా వచ్చాడు. "ఇదేంటమ్మాయ్? ఆవిణ్ణి ఎవరూ చంపలేదు, జబ్బు లేదు, ఏమీ లేదు. ఊరికే పోయింది."

"ఊరికే పోతారండి మనుషులు" అంది జుబియా.

ఆయన అలాగే అచ్చుకిచ్చాడు.

పాఠకులు గోల చేశారు. ఆ గోలలోనే గుడివాడ పాఠకుల సంఘం వాళ్ళు రుద్రకాంత్ గారికి సన్మానం చేస్తామని పబ్లిషరుని పట్టుకున్నారు. ఆయన ఎన్ని సాకులు చెప్పినా వదల్లేదు. చివరికి తన ప్రూఫ్ రీడరు బసవయ్యని పంపడానికి నిర్ణయించుకున్నాడు. బసవయ్య కుర్రతనంలో నాటకాలు వేసినవాడు. తెల్లజుట్టు, నిండైన గొంతు. రచయిత అంటే ఇలాగే ఉండాలి అనిపించే మనిషి.

"నువ్వే చెప్పు, నన్నేం చెయ్యమంటావు? నిన్ను తీసుకెళ్ళి స్టేజీ ఎక్కిస్తే ఇన్నాళ్ళ పేరూ పోతుంది" అన్నాడు వెంకటసుబ్బారావు జుబియాతో.

"నన్ను ఎక్కించమనలేదండి. చూడ్డానికి వస్తాను. అంతే."

గుడివాడలో హాలు నిండిపోయింది. జుబియా ఆడవాళ్ళ వరసలో చివర కూర్చుంది. పక్కన పద్మావతమ్మ అని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే ఆవిడ. రుద్రకాంత్ పుస్తకం ఒక్కటీ వదలనని తనే చెప్పింది. స్టేజీ మీద బసవయ్యకి దండ వేశారు, శాలువా కప్పారు. ఆయన మాట్లాడినంతసేపూ బాగా మాట్లాడాడు. తర్వాత సభలోంచి ఒకాయన లేచి, "కామేశ్వరమ్మ గారిని ఎందుకు చంపేశారండీ?" అని అడిగాడు.

బసవయ్య గొంతు సవరించుకున్నాడు. కళ్ళు ఒకసారి ఆడవాళ్ళ వరస వైపు వెళ్ళాయి. "కథ అలా నడిచిందండి" అన్నాడు.

పద్మావతమ్మకి ఆ జవాబు నచ్చలేదు. జుబియా వైపు వంగి, "రాసినాయనకే తెలీకపోతే ఎలాగండీ?" అంది.

"తెలిసే ఉంటుందండి. చెప్పడం ఇష్టంలేదేమో" అంది జుబియా.

సభ అయ్యాక బస్టాండులో బసవయ్య ఆమెని వెతుక్కుంటూ వచ్చాడు. దండ ఎక్కడో వదిలేశాడు. శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఇది నీదమ్మా. నా ఒంటి మీద వేస్తుంటే నిప్పులు కప్పినట్టనిపించింది."

"బాగా మాట్లాడారండీ."

"ఏం బాగా. ఆయన అడిగినదానికి నోరు పెగల్లేదు. ఏం చెప్పి ఉండాల్సింది?"

"నన్ను అడిగినా అదే చెప్పేదాన్నేమోనండి" అంది.

శాలువా తీసుకుంది. తిరుగు బస్సులో ఇద్దరూ వేరువేరు సీట్లలో కూర్చున్నారు. పామర్రు దాటాక చలిగాలి మొదలైంది. ఆమె శాలువా విప్పి కప్పుకుంది. విజయవాడ వచ్చేదాకా తీయలేదు.

తర్వాత రెండేళ్ళకే గాలి మారింది. కేబుల్ కనెక్షన్లు ఇంటింటికీ వచ్చాయి. సీరియళ్ళు మొదలయ్యాయి. అద్దె పుస్తకాల షాపులు ఒక్కొక్కటే ఎస్టీడీ బూత్‌లైపోయాయి. వెంకటసుబ్బారావుకి పక్షవాతం వచ్చి కొడుకు జయంత్ షాపులో కూర్చున్నాడు. ఎంసెట్ గైడ్లు వేయడం మొదలుపెట్టాడు. అవి బాగా పోతున్నాయి. జయంత్ చెడ్డవాడు కాడు. జుబియాని కూర్చోబెట్టి, టీ తెప్పించి, "రుద్రకాంత్‌ని ఆపేద్దామండీ. పంపినవి పంపినట్టు వెనక్కొస్తున్నాయి" అన్నాడు.

ఆమె ఒప్పుకుంది. కానీ లేవలేదు. "ఒక్కటి నా పేరుతో వేస్తారా అండీ?" అని అడిగింది.

జయంత్ ఇబ్బంది పడ్డాడు. లోపలి గదిలో మంచం మీదున్న వెంకటసుబ్బారావు విన్నాడు. మాట సరిగ్గా రాక, ఎడమ చెయ్యి మంచానికేసి కొట్టి, "వెయ్... వెయ్యరా" అన్నాడు. జయంత్ వేస్తానన్నాడు.

ఆ నవలకి ఆమె చాలా కాలం తీసుకుంది. రాసింది చించి మళ్ళీ రాసింది. రెండు వేల ఒకటిలో పుస్తకం వచ్చింది. అట్ట మీద జుబియా అని అచ్చయిన మొదటి కాపీ వెంకటసుబ్బారావు చేతిలో పెట్టింది. ఆయన బొటనవేలితో ఆ పేరు తడిమాడు. ఆ వేసవిలోనే పోయాడు.

పుస్తకం ఎలా పోతోందో ఎవరూ చెప్పలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర సందులో మణెమ్మ అనే ఆవిడ అద్దె పుస్తకాల షాపు ఇంకా నడుపుతోందని తెలిసి జుబియా అక్కడికి వెళ్ళింది. పుస్తకం పై వరసలోనే ఉంది. తీసి చూస్తున్నట్టు నిలబడింది.

"అది వద్దులెండి" అంది మణెమ్మ.

"ఏమండీ? బాగాలేదా?"

"బాగానే ఉంది. కానీ ఎవరో కొత్తావిడ, రుద్రకాంత్‌ని అచ్చం దించేసింది. అదే మాట తీరు, అదే విరుపు. నేను రుద్రకాంత్‌వి అన్నీ చదివాను, నా దగ్గర దాగుతుందా? రాసేవాళ్ళన్నాక తనదంటూ ఒకటి ఉండొద్దూ?"

జుబియా పుస్తకం యథాస్థానంలో పెట్టింది.

"రుద్రకాంత్‌వి ఏమైనా ఉన్నాయాండీ?"

"అవి ఎక్కడ ఉంటాయండీ, పేజీలు ఊడిపోయేదాకా తిరిగాయి. ఆయన పోయాడంటారు. గుడివాడ సన్మానంలో మా తోడికోడలు చూసిందట. దబ్బపండు లాంటి మనిషి."

బయటికొచ్చి సర్కిల్ దగ్గర రోడ్డు దాటడానికి చాలాసేపు నిలబడింది. లారీలు, ఆటోలు పోతూనే ఉన్నాయి. మణెమ్మ మాట పూర్తిగా తప్పూ కాదు. ఏడెనిమిదేళ్ళు రుద్రకాంత్‌లా రాశాక తనకి ఇంకో గొంతు మిగల్లేదు. మిగిలినా అదెలా ఉంటుందో తనకే తెలియదు. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. ఆ తర్వాత ఆమె నవల రాయలేదు.

జయంత్ గైడ్లకి ప్రూఫులు చూసే పని ఇచ్చాడు. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం. అందులో ఎవరూ చావరు, ఎవరూ దొరకరు. ఆ పని ఆమె శ్రద్ధగానే చేసింది. బసవయ్య ఉన్నన్నాళ్ళూ పక్క బల్ల మీద ఆయన ఉండేవాడు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడు, "సదాశివం ఇప్పుడేం చేస్తున్నాడంటావమ్మా?" అని అడిగేవాడు. "ఒక్కడే వండుకుంటున్నాడండి" అనేది. అలా మాట్లాడగలిగిన ఒక్క మనిషీ ఓ చలికాలంలో కాలం చేశాడు. అఫ్సానా మళ్ళీ రమ్మని కబురు పెట్టింది. పండక్కి వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చేసింది. ఆ ఇంట్లో పిల్లలు, టీవీ, మాటలు. అందరూ ప్రేమగానే చూశారు. ఆమెకే అంతమంది మధ్య ఏం మాట్లాడాలో మర్చిపోయినట్టయింది.

రెండు వేల ఏడులో ఒక ఉదయం ప్రూఫులు ఇవ్వడానికి కంకిపాడులో గైడు రాసిన లెక్చరరు గారింటికి బయల్దేరింది. బస్సులో ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. పెద్దావిడ చిన్నావిడకి ఏదో కథ చెబుతోంది. కొండపల్లిలో బొమ్మలు చేసే అన్నదమ్ములు. చిన్నవాడి పెళ్ళాం ఒకరోజు కనపడకుండా పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో తయారైన ప్రతి బొమ్మకీ ఆ పిల్ల మొహమే వచ్చేది. చేసిన అన్నకి కూడా తెలియకుండా.

జుబియా వెన్ను నిటారయింది. తను ఎప్పుడో తొలి రోజుల్లో రాసిన నవల అది. పేరు కూడా చప్పున గుర్తు రాలేదు. అందులో ఆ పిల్ల బావిలో శవమై దొరుకుతుంది. సదాశివం అన్నని పట్టిస్తాడు.

పెద్దావిడ చెప్పిన కథలో సదాశివం లేడు. బావీ లేదు. "ఏమీ కాలేదే ఆ పిల్లకి. రైలెక్కి పోయింది. ఏళ్ళ తర్వాత రాజమండ్రి పుష్కరాల్లో బొమ్మల కొట్టు దగ్గర ఆగి చూసుకుంటే తన మొహమే. ఆ బొమ్మ కొనుక్కుని వెళ్ళిపోయిందట."

"ఇంటికి రాలేదా?"

"రాలేదు."

జుబియా ముందుకి వంగింది. "ఇది ఏ పుస్తకంలోదండీ?"

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. "పుస్తకమేంటండీ? మా అత్తగారి వైపు వాళ్ళకి తెలిసినవాళ్ళింట్లో జరిగిందే."

"ఆ అమ్మాయి ఇప్పుడెక్కడ ఉందంటారు?"

"ఎక్కడో ఉండే ఉంటుందండి. బతకలేని మనిషి కాదుగా" అని ఆవిడ మళ్ళీ ముందుకు తిరిగింది.

బస్సు కంకిపాడులో ఆగింది. జుబియా ప్రూఫుల కట్ట తీసుకుని దిగింది. తను చంపేసిన పిల్లని ఎవరో, ఎప్పుడో, చెప్పుకుంటూ చెప్పుకుంటూ బతికించారు. ఆ సంగతి ఎవరితోనైనా అనాలనిపించింది. స్టాండులో బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఆమెకి తెలిసినవాళ్ళెవరూ లేరు. సోడా బండి దగ్గర లెక్చరరు గారి ఇల్లు ఎటో అడిగి, కాలవ పక్క రోడ్డు పట్టుకుంది.