గులాబీ కన్నంలో పిన్ను

ఇవాళ అరసవల్లిలో పాత సామాన్ల కొట్టు ముందు, పచ్చ పిన్ను వేలాడుతున్న కంప్యూటర్ స్పీకర్లు చూసి ఆగిపోయాను. మీ ఇళ్లలోనూ ఉండేవి కదా, చీర ముక్కతో కుట్టిన కవరు కప్పుకుని?

బొబ్బిలిలో మా ఇంటికి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ తెచ్చింది మామ్మ గొంతు కోసమే. పిన్ని పెళ్లి సీడీలో ఆమె మంగళహారతి పాడింది. మామ్మ పోయాక, తన చెవులు పూర్తిగా పోకముందే అది మళ్లీ వినాలని తాత ఆశ. తెర మీద మామ్మ పెదవులు కదిలేవి గానీ శబ్దం వచ్చేది కాదు. వీణలు చేసే తాత పనసచెక్కను పరీక్షించినట్టు డబ్బాను వేలితో కొట్టి, చెవి ఆనించి, "లోపలెక్కడో బీటున్నాదే" అనేవాడు.

విజయనగరం నుంచి మెకానిక్ రావడానికి నెలలు పట్టింది.

"పచ్చ కన్నంలో పెట్టాల్సిన పిన్ను గులాబీ దాంట్లో ఎవులెట్టేసినారండి?" అని నవ్వాడు.

పెట్టింది నేనే.

పిన్ను మార్చగానే మామ్మ పాట గదంతా నిండింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. తాత మాత్రం ఆ పెదవులనే చూస్తూ నన్నడిగాడు.

"ఏటే అమ్మా, ఇంకా పలకలేదేటి?"

లేదని తల అడ్డంగా ఊపాను.