నా తప్పు కింద ప్లీడరుగారి సంతకం

పోయిన మంగళవారం పొద్దున కావలి స్టేషన్ ఎదుట టీ తాగుతుంటే, తెలిసిన కోర్టు బంట్రోతు ఒకాయన వచ్చి, "మీ ప్లీడరుగారు పోయినారంట సార్, తెల్లవారుజామున" అన్నాడు. గ్లాసు అక్కడే పెట్టేసి నెల్లూరు బండి ఎక్కాను. విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన మనిషిని మా జిల్లాలో చివరిదాకా ప్లీడరుగారనే పిలిచారు. ఆయనకూ ఆ పిలుపే ఇష్టం.

నేను ఆయన గుమాస్తాను. మిషన్ బడిలో చదివి, టైపు నేర్చుకుని, నెల్లూరులో ఆయన దగ్గర చేరాను. పొలం గట్ల తగాదాలు, కాలవ నీళ్ల తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. కక్షిదారు చెప్పేది కాగితం ఎడమ సగంలో రాసుకుని, కుడి సగం ఖాళీగా ఉంచేవారు. అది అవతలివాడి కోసం. "వాడు నా ఫీజు ఇయ్యకపోయినా వాడి మాట నాకు కావాలయ్యా" అనేవారు. ఈ పద్ధతి వల్ల కొందరు కక్షిదార్లు అలిగి వేరే ప్లీడర్ల దగ్గరికి పోయారు కూడా.

యాభైల చివర్లో ఆయనకు పదవి వచ్చినప్పుడు నన్నూ వెంట తీసుకుపోయారు. "కొత్త ఊళ్లో నా రాత చదవగలిగేవాడు ఒకడన్నా ఉండాలి కదా" అన్నారు. నిజమే, ఆ రాత ఆయనకే సరిగా అర్థమయ్యేది కాదు. బంగళాలో వంటవాడున్నా, నెల్లూరి మొలగొలుకుల బియ్యం మూట మాత్రం రైల్లో రావాల్సిందే. పెద్ద పదవి ఆయన్నేమీ మార్చలేదు, ఆయనే ఆ ఆఫీసును మార్చారు. పరీక్షల్లో కాపీ కొట్టారని పట్టుబడ్డ వాళ్లకు అంతకుముందు పేర్లు కూడా అడగకుండా శిక్ష వేసేవారు. ఈయన వచ్చాక ప్రతి ఒక్కరినీ పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని వినేవారు. "విననిదే తీర్పు లేదు" అన్నది ఆయన మాట. ఇక్కడిదాకా చెప్పడం నాకు సులువు. ఇకమీదటిది ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మైపాడులో చేపల వేటకు పోయే పల్లెకారుల కుర్రాడు ఒకడు నెల్లూరు కాలేజీలో బి.ఏ. చదువుతున్నాడు. వాళ్ల పాళెంలో కాలేజీ మెట్టెక్కిన మొదటివాడు. పరీక్షలో అతని బల్ల కింద చీటీ దొరికింది. విచారణకు రమ్మని రిజిస్టరు కవరు పంపాను. ఆ నెలలోనే గాలివానకు పాళెంలో గుడిసెలు లేచిపోయి, జనం తలోదిక్కు చుట్టాల ఇళ్లకు చేరారు. ఆ చిరునామాలో ఎవరూ లేరని కవరు తిరిగి వచ్చింది.

మా సివిలు కోర్టుల్లో ఒక అలవాటు ఉంది. నోటీసు తీసుకుపోయిన మనిషికి ఇంటాయన కనబడకపోతే తలుపుకు అంటించి వస్తాడు, అందినట్టే లెక్క. ఏళ్ల తరబడి ఆ కాగితాలే చూసిన కళ్లు నావి. తిరిగొచ్చిన కవరును ఫైలు అడుగున పెట్టి, పైన "నోటీసు అందింది, హాజరు కాలేదు" అని టైపు చేశాను. అంటించడానికి అక్కడ తలుపే లేదన్న సంగతి నాకు తట్టలేదు. ప్లీడరుగారు నా మాట నమ్మి సంతకం పెట్టారు. రెండేళ్లు పరీక్షలకు కూర్చోరాదని ఉత్తరువు.

నెల తర్వాత ఆ కుర్రాడు ఎవరినో అడిగి రైలు చార్జీ తెచ్చుకుని వచ్చాడు. గదిలోకి వస్తూనే, "నన్ను పిలవకుండానే తీర్పు చెప్పినారే సార్! పిలిస్తే ఈదుకుంటా అయినా వచ్చుండేవాణ్ణి" అన్నాడు. ప్లీడరుగారు ఫైలు తెప్పించారు. చీటీ మీది రాత అతనిది కాదని అయిదు నిమిషాల్లో తేలింది. ఆ తర్వాత అడుగున ఉన్న కవరు ఆయన చేతికి వచ్చింది. నా వైపు ఒక్కసారి చూశారు.

"తప్పు నాది నాయనా. చూడకుండా సంతకం పెట్టినాను" అన్నారు కుర్రాడితో.

అతను వెళ్లాక నేను నోరు తెరవబోయాను. "నీకు ముగ్గురు పిల్లలు. ఊరుకో" అన్నారు. ఊరుకున్నాను. అంత తేలిగ్గా ఊరుకోగలిగినందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఉత్తరువు రద్దు చేయాలంటే పాలకమండలి అయిన సిండికేటు సభ్యులు ఒప్పుకోలేదు. విశ్వవిద్యాలయం పరువు పోతుందన్నారు. ఆయన మూడు సమావేశాల్లో లేచి నిలబడి తప్పు తనదేనని చెప్పారు. చివరికి రద్దయింది, కానీ అప్పటికి ఆ ఏటి పరీక్షలు అయిపోయాయి. కుర్రాడు పడవ ఎక్కేశాడు. మళ్లీ చదువు ముఖం చూడలేదు. ప్లీడరుగారు రెండోసారి పదవి అడగలేదు. నెల్లూరు తిరిగి వచ్చాక నల్లకోటు కూడా వేసుకోలేదు. ఎందుకని అడిగితే, "విననివాడికి వాదించే హక్కు ఏడుందయ్యా" అన్నారు. రోజూ వరండాలో కుర్చీ వేసుకుని, పేపరు తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చునేవారు.

పెన్న ఒడ్డున దహనం అయిన మర్నాడు మైపాడు బస్సెక్కాను. ఒకప్పటి ఆ కుర్రాడు ఇసుకలో వల బాగు చేసుకుంటున్నాడు. ఇంకా ముప్పై నిండి ఉండవు, గడ్డం మాత్రం అక్కడక్కడా నెరిసింది. ప్లీడరుగారు పోయారని చెప్పాను. తలూపాడు. కవరు సంగతి, నేను రాసిన అబద్ధం, అంతా చెప్పాను.

అతని చేతులు ఆగిపోయాయి.

"ఆయన రెండుసార్లు వచ్చినాడు సార్ నాకోసం. ఎండలో ఈడే నిలబడినాడు. తప్పు నాదేననే అన్నాడు గానీ మీ పేరు ఎత్తలా. నేను మొగం తిప్పుకున్నా, పలకనే లేదు."

వల మీదికి తల వంచుకుని, "మీరు అప్పుడే చెప్పుంటే ఆయనతో ఒక్క మాటన్నా మాట్లాడుందునే సార్" అన్నాడు.

అతని వాళ్లు పడవను నీళ్లలోకి తోస్తూ అతన్ని కేకేశారు. లేవలేదు. మళ్లీ కేకేశారు. అతను వల మీదనుంచి తల ఎత్తలేదు. పడవ అతను లేకుండానే అలలు దాటి పోయింది.