తిన్నాక కూడా కూర్చున్నవాళ్ళు

చేవెళ్ళలో మా కిరాణా దుకాణం వెనక గదిలో కూర్చుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక సభ నడిపాను. సభంతా ఫోన్లలోనే. పెద్దయ్యాక చదువు నేర్చుకున్న చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళ సభ అది. నేనూ వాళ్ళలో ఒకదాన్నే. మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దినదాన్ని. నాలాంటిది సభ నడిపిందంటే అందులో నా గొప్ప తక్కువ, చివరిదాకా ఉన్నవాళ్ళ మంచితనం ఎక్కువ.

అంతకుముందు ఒకసారి మొయినాబాద్‌లో హాలు తీసుకుని పెట్టాం. అజీజ్‌నగర్ ఫామ్‌హౌసుల్లో పనిచేసేవాళ్ళకు సెలవు దొరకలేదు. వచ్చినవాళ్ళు అన్నం తినగానే పాలు పిండే వేళయిందని, బస్సు పోతుందని ఒక్కొక్కరే జారుకున్నారు. మధ్యాహ్నం తమ రాతలు చదవాల్సినవాళ్ళ ముందు ఖాళీ కుర్చీలు మిగిలాయి. చదవడానికి మొదట లేచింది ఎంకపల్లి అక్క. నేనూ ఆమె ఒకేసారి చదువు మొదలుపెట్టాం. రెండు వాక్యాలు చదివి, కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. ఆ తర్వాత ఆమె పెన్ను పట్టలేదు.

ఈసారి ఫోన్లలో పెడదామని మాకు చదువు చెప్పే టీచరమ్మ అన్నప్పుడు, నేను ముందు ఎంకపల్లికే పోయాను.

"నువ్వే మొదలు చదవాలె అక్కా."

"ఎవలికి చదవాలె? గోడలకా? గోడలు మా ఇంట్ల గూడ ఉన్నయి."

"మంది ఉంటరు. నాది జిమ్మేదారి."

"తిన్నంక ఎవలుంటరే? పెండ్లిలనే ఉండరు." మళ్ళీ తనే అంది, "ఉంటే చదువుత. లేకుంటే ఫోన్ బంద్ జేసి చేన్లకు పోత. మళ్ల ఎన్నడు నన్ను చదువుమని అడగొద్దు."

సరేనని మాటిచ్చి వచ్చాను.

మా కోడలు ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తుంది. ఇలాంటి మీటింగులు ఆమెకు రోజూ ఉండేవే. లింకు తయారుచేసి మా గ్రూపులో పెట్టింది. ముందుగా ఒకసారి చూసుకుందామని ఒక సాయంత్రం రమ్మంటే, టీచరమ్మ, నేను తప్ప పెద్దగా ఎవరూ రాలేదు. కనకమామిడిలో కూరగాయలు పండించే ఒకామెకు ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడిగాను.

"నన్నెవలు పిలిచిన్రు? నీలం రంగుది ఏదో గ్రూపుల పడ్డది. అందరికి పడ్డది. గది పిలిచినట్టా?" అంది.

నిజమే. ఇంటికొచ్చి బొట్టు పెట్టి చెప్పకపోతే మేమెవరం ఎక్కడికీ పోం. అంత తెలిసీ నేను ఊరుకున్నాను. మర్నాడు కుంకుమ భరిణె తీసి సంచిలో పెట్టుకుంటుంటే కోడలు చూసింది.

"అత్తమ్మా, ఆన్‌లైన్ మీటింగ్‌కు బొట్టు పెడ్తరా?"

"మీ ఆఫీసుల పెట్టరా?"

"మా మేనేజర్‌కు నేను బొట్టు పెడితే నౌకరి పోతది."

టీచరమ్మ కొన్ని ఊళ్ళు, నేను కొన్ని ఊళ్ళు తిరిగాం. బొట్టు పెట్టి, పొద్దున పాలు పిండాక మొదలవుతుందని, సాయంత్రం పాల వేళకు ముందే వదిలేస్తామని చెప్పాం. భర్త లేనివాళ్ళకు కూడా పెట్టాను. ఒకామె వద్దు వద్దంటూనే నుదురు ముందుకు తెచ్చింది. ఆమె కళ్ళలోకి నేను చూడలేకపోయాను.

కార్యక్రమం రాసేటప్పుడు కోడలికీ నాకూ ఒకచోట పేచీ వచ్చింది. అన్నాల వేళ అందరూ కెమెరాలు ఆపుకోవాలని ఆమె రాసింది.

"చుట్టాలు తింటుంటే తలుపేసుకుంటమా?" అన్నాను.

"తినేటోళ్ళను చూసుకుంట కూసుంటరా అత్తమ్మా?"

"వడ్డించేటోళ్ళు చూడకుంటే ఎట్ల?"

ఆమె నవ్వి, రాసిన ఆ మాట కొట్టేసింది. ఆ రోజుకు తన ఆఫీసుకు సెలవు కూడా పెట్టి నా పక్కనే కూర్చుంది. ఆ మేలు నేను మరిచిపోను.

పొద్దున ఒక నర్సమ్మ షుగరు గురించి చెప్పింది. ఫోన్లకు వచ్చే మోసపు మెసేజీలను ఎలా గుర్తుపట్టాలో టీచరమ్మ చూపించింది. తర్వాత అందరూ కంచాలు తెచ్చుకుని ఫోన్ల ముందు కూర్చున్నారు. కానీ ఎవరూ ముద్ద ఎత్తలేదు. ఏమైందోనని నేను చూస్తున్నాను.

ఫామ్‌హౌసులో వంట చేసే అజీజ్‌నగర్ ఆమె అంది, "నువ్వు తినుమనకుంటే ఎట్ల తింటం?"

చేతులు జోడించి, మొదలుపెట్టమన్నాను. ఇక ఒక్కొక్కరినీ ఏం కూరని అడిగాను. బీరకాయ, పుంటికూర, గుడ్ల పులుసు. అజీజ్‌నగర్ ఆమె కంచం ఫోనుకు చూపిస్తూ, "సార్లకు పాస్తా జేసిన, నాకు పచ్చిపులుసు జేసుకున్న. వాసన సూసి సారు గూడ గిదే అడిగిండు" అంది. పచ్చిపులుసులో నువ్వులు వేయాలా వద్దా అని కాసేపు గొడవపడ్డారు. నేను తినలేదని కోడలే గుర్తుచేసి కంచం తెచ్చింది.

తినడం అయిపోయింది. చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చున్నారు. నేను లోపల లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను, ఎవరూ పోలేదు. ఎందుకని కనకమామిడి ఆమెను తర్వాత అడిగితే, "హాల్లనైతే ఎనక నుంచి లేసి పోవచ్చు. గీడ అందరం నీ ముంగటనే ఉంటిమి. పోయొస్త అని చెప్పకుండ ఎట్ల పోతం?" అంది.

ఎంకపల్లి అక్క వంతు వచ్చింది. ఫోను మొహానికి మరీ దగ్గరగా పెట్టుకుంది. నుదురు, కళ్ళజోడు మాత్రమే కనబడుతున్నాయి.

"ఉన్నరా?"

"ఉన్నం" అని చాలా గొంతులు పలికాయి.

తన బర్రె గురించి రాసుకుంది. పెళ్ళికి పోయి వచ్చి కొత్త చీరతోనే పాలు పిండబోతే బర్రె గుర్తుపట్టక పాలు చేపలేదట. అక్కడి దాకా చదివేసరికి ఆమె బొమ్మ కదలకుండా ఆగిపోయింది, గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చి ఆగింది. కోడలు ఏవేవో నొక్కింది. బొమ్మ మళ్ళీ కదిలేసరికి ఆమె కాగితం దించేసి ఉంది.

"అయిపోయింది" అంది. ఫోను ఆపేయడానికి ఆమె చెయ్యి దాని మీదికి వస్తోంది.

"అక్కా, ఆగు" అంది కనకమామిడి ఆమె. "కొత్త చీర కాడికెల్లి ఏం ఇనవడలే. ఇంతకు పాలిచ్చిందా లేదా?"

"నాకు గూడ రాలే. చెప్పకు, చదువు" అంది అజీజ్‌నగర్ ఆమె.

కోడలు గడియారం చూసింది. తర్వాత చదవాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు. నేను ఆమె చేతి మీద చెయ్యి వేశాను.

అక్క కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఫోనును కాస్త దూరంగా దేనికో ఆనించింది. ఇప్పుడు మొహమంతా కనబడింది.

"ఏడికెల్లి చదవాలె?" అని అడిగింది.

"మొదటికెల్లి" అన్నారు.