వరంగల్‌లో బండి ఆగినంతసేపు

నా చిన్నప్పుడు ఢిల్లీ నుంచి మన వైపు రైలెక్కాలంటే ఇప్పటిలా ఫోన్లో నాలుగు నొక్కులు నొక్కి పెట్టె సర్దుకోవడం కాదు. టికెట్లు దొరకాలి. టికెట్ల కంటే ముందు నాన్నకు సెలవు దొరకాలి. ఆ రెండూ కుదిరి, ఫలానా వాళ్లు ఊరెళుతున్నారని తెలిసిందా, కాలనీలో ఉన్న తెలుగువాళ్లందరూ తలా ఒక మూట పట్టుకుని దిగబడేవారు. ఒకరి మూటలో అత్తగారికి స్వెట్టరు, ఇంకొకరి మూటలో మేనకోడలికి గాజులు. అవన్నీ మోసుకెళ్లినందుకు, దారిలో ఏదో ఒక స్టేషన్లో వాళ్ల చుట్టాలు భోజనం డబ్బాతో వచ్చి మన కిటికీ దగ్గర నిలబడేవారు. మనం ఎవరో వాళ్లకు తెలియదు, వాళ్లెవరో మనకు తెలియదు. బండి ఆగినంతసేపే చుట్టరికం. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నవ్వనివ్వండి, నాకేం?

ఆ ఏర్పాట్లన్నీ మా అమ్మ చూసుకునేది. ఏ స్టేషన్లో ఎవరొస్తారు, ఏ పూటకు ఎవరి డబ్బా, అన్నీ ఆవిడకు నోటికి వచ్చు. కానీ నేను చెబుతున్న వేసవికి అమ్మ ఢిల్లీలో లేదు. విజయవాడలో మా అమ్మమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, చూసుకోవడానికి చలికాలంలోనే వెళ్లిపోయింది. నాకు బడి ఉందని నన్ను నాన్న దగ్గర వదిలింది.

మయూర్ విహార్‌లో సర్కారు కట్టిన ఫ్లాట్లలో రెండో అంతస్తు మాది. బడి నుంచి వచ్చి, మెడలో వేలాడే తాళంచెవితో తలుపు తీసుకుని, పొద్దున నాన్న వండి పెట్టిన అన్నం తిని కూర్చునేదాన్ని. నాన్న యమున దాటి బస్సులో వచ్చేసరికి పొద్దుపోయేది. ఎండలు మొదలయ్యాక ఇంట్లో కూలరు ఆపేదాన్ని కాదు. చల్లగాలి కోసం కాదు, ఆపితే ఇల్లంతా చడీచప్పుడూ లేకుండా అయిపోయేది, అది నావల్ల అయ్యేది కాదు. అమ్మ మీద బెంగ అలా ఉంటుందని ఎవరికి చెప్పను? నాన్నతో చెబితే ఆయన ముఖం ఇంకా చిన్నదైపోయేది.

కింది ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది. వరంగల్ ఆవిడ. భర్త పోయాక కొడుకు తెచ్చి ఢిల్లీలో పెట్టుకున్నాడు. కొడుకూ కోడలూ ఇద్దరూ ఆఫీసులకు వెళ్లిపోతే, రోజంతా మాటలు రాని మనవడితో తెలుగులో మాట్లాడుకుంటూ ఉండేది. హిందీ ముక్క రాదు. కూరగాయల బండివాడితో ఈవిడ తెలుగులో బేరమాడేది, వాడు హిందీలో ఒట్లు పెట్టుకునేవాడు, చివరికి ఎలాగో బేరం తెగేది. మొదటిరోజు నేను అందరినీ పిలిచినట్టే "ఆంటీ" అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది.

"ఆంటేంది, ఆంటి! నోరార పెద్దమ్మా అని పిలువరాదా?"

అప్పట్నుంచి పెద్దమ్మే. మెట్ల మీద నిలబడి "పెద్దమ్మా" అంటే చాలు, ఆ బ్లాకు మొత్తంలో ఆ పిలుపుకు పలికే మనిషి ఆవిడొక్కతే.

పరీక్షలైపోయాయి. నాన్నకు ఆఫీసులో ఏదో తనిఖీ అట, సెలవివ్వలేదు. ఆయన వాళ్ల ఆఫీసులోనే పనిచేసే ఒక అంకుల్ కుటుంబం విజయవాడ వెళుతోందని తెలుసుకుని, వాళ్లకు నన్ను అప్పజెప్పడానికి మాట్లాడేసుకుని, టికెట్ కూడా కొనేశాడు. అప్పట్లో అది మామూలే. తోడు దొరికితే పిల్లల్ని పంపేసేవారు. నేను మాత్రం ససేమిరా అన్నాను. ఆ ఇంటివాళ్లను నేను రెండుసార్లు చూసి ఉంటాను, అంతే. రాత్రి భయమేస్తే ఎవర్ని లేపాలి? నాన్న గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "సరే తల్లీ, బాగా ఆలోచించుకో. వద్దంటే టికెట్ క్యాన్సిల్ చేసేస్తాను. కానీ ఇప్పుడు వెళ్లకపోతే మళ్లీ దసరా దాకా అమ్మను చూడలేవు," అన్నాడు. అటు వెళ్లడానికి భయం, ఇటు ఉండడానికి ఏడుపు. కిందికి దిగి పెద్దమ్మ ఎదుట కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను.

పెద్దమ్మ పప్పులోకి కూరగాయలు తరగడానికి కూర్చుని ఉంది. పక్కనే చాప మీద మనవడు. నా ఏడుపంతా విని, ఓదార్చకుండా ఒక ఆలుగడ్డ తీసి గచ్చు మీద పెట్టింది.

"గీ ఆలుగడ్డ ఢిల్లి," అంది. కొంచెం దూరంగా ఉల్లిగడ్డ పెట్టింది. "గిది నాగపూర్. గీ టమాట మా వరంగల్. గా నిమ్మకాయ మీ బెజవాడ." ఒక బెండకాయను రైలులా ఆలుగడ్డ దగ్గర నిలబెట్టి నా చేతికిచ్చింది. "నాగపూర్‌ల మీ పైనింటోళ్ల తమ్ముడుంటడు. నేను చెప్పిస్త, వస్తడు. వరంగల్‌ల మా చెల్లె వస్తది. ఆఖర్న మీ అమ్మ నిలవడి ఉంటది. ఇగ నువ్వు ఒక్కదానివి ఏడున్నవో చూపెట్టు."

నేను బెండకాయను జరుపుతూ చూశాను. ఢిల్లీకీ నాగపూర్‌కీ మధ్య చాలా గచ్చు ఉంది. "మరి నడుమ?" అన్నాను.

"నడుమ పండుకో. నిద్ర రాకుంటె ముంగటి ఠేసన్ల ఎవలున్నరో యాది చేసుకో."

నాకు నచ్చింది. కళ్లు తుడుచుకుని, మరి మీరూ మాతో రావచ్చు కదా, మీ చెల్లెల్ని చూడొచ్చు కదా అన్నాను. పెద్దమ్మ చాప మీద ఉన్న మనవడి వైపు చూసింది. "ఈన్ని ఎవలు చూస్తరు బిడ్డా," అని మళ్లీ కత్తిపీట ముందుకు లాక్కుంది. ఆ పూట నాగపూరూ వరంగలూ రెండూ పప్పులో పడ్డాయి.

మర్నాడు నన్నూ, చంకలో మనవణ్ణీ తీసుకుని మార్కెట్ పక్కన ఎస్టీడీ బూత్‌కు వెళ్లింది. చెల్లెలింట్లో ఫోను లేదు. వాళ్ల వీధిలో కిరాణా దుకాణానికి చేసి, చెల్లెల్ని పిలవమని చెప్పి, పెట్టేసి, మళ్లీ చేయాలి. మళ్లీ చేసేసరికి చెల్లెలు పరుగెత్తుకొచ్చి ఉంది, రొప్పు నాకు కూడా వినిపించింది. పెద్దమ్మ గాజు తలుపు అదిరిపోయేలా అరిచింది. ఏ రోజు, ఏ బండి, ఏ బోగీ, పిల్ల ఎర్ర గౌను వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది, డబ్బా మర్చిపోకు. అంతా రెండేసిసార్లు చెప్పి ఫోను పెట్టేసింది. బయటికొచ్చి కొంచెంసేపు ఎండలో అలాగే నిలబడిపోయింది.

"అయ్యో, ఎట్లున్నవని అడుగుడే మర్చిపోయిన," అంది.

మళ్లీ చేద్దామన్నాను. తల అడ్డంగా ఊపింది. "నువ్వన్న అడుగు బిడ్డా. మీ పెద్దమ్మ అడగమన్నది అని చెప్పు."

బయల్దేరే రోజు ఎర్ర గౌను వేసి, తల దువ్వి, ఆటో దాకా వచ్చింది పెద్దమ్మ. నా కుడిచెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది. ఆటోవాడు "చలేఁ, మాతాజీ?" అని హారన్ కొట్టినా వదల్లేదు. నాన్న మెల్లగా "వెళ్లొస్తామండీ" అన్నాక వదిలింది. స్టేషన్లో నాన్న కిటికీ దగ్గర నిలబడి మంచినీళ్ల సీసా జాగ్రత్త అని మళ్లీ మళ్లీ చెప్పాడు. ఇంకేం చెప్పాలో ఆయనకూ తెలియలేదు, పాపం. బండి కదిలి ఆయన కనబడకుండా పోయాక, ఆ అంకుల్ వాళ్ల పిల్లలిద్దరూ హిందీలో పోట్లాడుకుంటూ పైబెర్తులెక్కారు. ఆంటీ మంచిదే, నాకూ పూరీలు పెట్టింది. కానీ పెట్టేటప్పుడు "వాళ్లమ్మాయికి కూడా" అంది. ఆ మాటకు పూరీ సగంలోనే వదిలేశాను. ఆ రాత్రి దుప్పటి కింద నాగపూర్‌లో ఉన్న ముక్కూముఖం తెలియని మనిషిని తలచుకుంటూ పడుకున్నాను.

పొద్దున పిల్లల్లో ఒకడు నా మీద టీ ఒలకబోశాడు. ఆంటీ కంగారుపడి ఎర్ర గౌను విప్పి, నీలం గౌను వేసింది. నాగపూర్ వచ్చింది. కిటికీ ఊచలకు ముఖం ఆనించి చూశాను. నారింజలు అమ్మేవాళ్లు వచ్చారు, టీ అమ్మేవాళ్లు వచ్చారు. నా కోసం ఎవరూ రాలేదు. బండి కదిలింది.

"పెద్దవాళ్లు అలాగే అంటారమ్మా, పిల్లలు ఏడవకుండా ఉండాలని," అంది ఆంటీ. ఓదార్పుగానే అంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నన్ను రైలెక్కించడానికి పెద్దమ్మ ఉల్లిగడ్డలతో బురిడీ కొట్టించిందా? అయితే టమాట కూడా అబద్ధమేనా? మరి నిమ్మకాయ? ఆ మధ్యాహ్నమంతా బయట అడవులు వెళుతుంటే, ఈ లోకంలో నన్ను ఎవరైనా ఏమైనా చెప్పి ఎక్కడికైనా పంపేయవచ్చు అనిపించింది. అంత ఒంటరిగా నేను మళ్లీ ఎప్పుడూ లేను, పెద్దయ్యాక కూడా.

పొద్దు వాలుతుండగా వరంగల్ వచ్చింది. చూడకూడదనుకుంటూనే చూశాను. జనంలో ఒకావిడ చంకలో డబ్బా ఇరికించుకుని, బోగీ వెంబడి ఒక్కో కిటికీలోకీ తొంగి చూస్తూ వస్తోంది. నా కిటికీలోకీ చూసింది. నీలం గౌను చూసి దాటిపోయింది. అప్పుడర్థమైంది నాకు, ఆవిడ ఎర్ర గౌను కోసం వెతుకుతోందని. పేరు తెలియదు. ఏమని పిలవను? పెద్దమ్మ చెల్లెలు కాబట్టి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"చిన్నమ్మా!"

ఏం చెప్పమంటారు! ప్లాట్‌ఫాం మీద ఎంతమంది తిరిగి చూశారో. పూలమ్మే ఆవిడ తిరిగింది. పిల్లాణ్ణి ఎత్తుకున్న ఆవిడ తిరిగింది. తలమీద సంచి పెట్టుకుని పోతున్న ముసలామె ఆగి, "ఏంది బిడ్డా?" అంది. ఢిల్లీలో ఆ బ్లాకంతటికీ ఒక్క పెద్దమ్మ ఉన్నదాన్ని నేను. నేనొక్క పిలుపు పిలిస్తే ఒక ఊరు ఊరంతా పలకడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చేసింది.

డబ్బా ఆవిడ కూడా తిరిగింది. పరుగున వచ్చింది. అచ్చం పెద్దమ్మ ముక్కే.

"నువ్వేనా, ఢిల్లి పిల్లవు? ఎర్ర గౌనన్నది గదనే మా అక్క!" అంటూ ఊచల్లోంచి డబ్బా తోసింది. వేడి సర్వపిండి రొట్టెల వాసన వచ్చింది. "మా అక్క బక్కగైందా? తింటున్నదా? నవ్వుతదా?"

"నాతో నవ్వుతుంది," అన్నాను.

ఆవిడ ఊచలకు ఇంకా దగ్గరగా జరిగింది. తర్వాత అడిగింది. "వచ్చేటప్పుడు నీ చెయ్యి పట్టుకున్నదా? ఏ చెయ్యి?"

కుడిచెయ్యి బయటికి చాపాను. రెండు చేతులతో పట్టుకుంది. నా చెయ్యి కాదు ఆవిడ పట్టుకున్నది, అంత చిన్నదాన్నయినా నాకు తెలుస్తూనే ఉంది. కూత వేసి బండి కదిలింది. వదలకుండా నా కిటికీ వెంట నడిచింది. అప్పుడు గుర్తొచ్చి అరిచాను, ఎట్లున్నవని పెద్దమ్మ అడగమంది అని. ఆవిడ ముఖం ముడుచుకుపోయింది, కన్నీళ్లు కారాయి. "మంచిగున్న అని చెప్పు!" అంది. ప్లాట్‌ఫాం చివర చెయ్యి జారిపోయింది.

ఆంటీ డబ్బా మూత తీసిపెట్టింది. సర్వపిండి తుంచి అందరికీ పెట్టాను, టీ ఒలకబోసినవాడికి కూడా. చీకట్లో నిమ్మకాయ ఎప్పుడొస్తుందా అని కూర్చున్నాను గానీ, ఇక భయం లేదు. టమాట నిజమైంది కాబట్టి నిమ్మకాయా నిజమే. నిజంగానే అమ్మ నిలబడి ఉంది.

సెలవులైపోయి ఢిల్లీ వచ్చాక, సామాను పైకి చేర్చకముందే పెద్దమ్మ ఇంటికి పరుగెత్తాను. నాగపూర్ తమ్ముడు ఇంకో బోగీ దగ్గర వెతికి వెతికి, చివరికి నా కోసం తెచ్చిన నారింజలు తనే తినేశాడట. ఆ సంగతి చెప్పి పెద్దమ్మ తెగ తిట్టింది. నేను చిన్నమ్మ మంచిగున్నదట అని చెప్పి, కుడిచెయ్యి చాపి, ఈ చెయ్యే పట్టుకుందన్నాను. పెద్దమ్మ తిట్లు ఆగిపోయాయి. నా చెయ్యి తీసుకుని చెంపకు ఆనించుకుని, మనవడు ఏడ్చేదాకా అలాగే కూర్చుంది.

ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉంటున్నాను. తెలిసినవాళ్లెవరైనా ఢిల్లీ మీదుగా మన వైపు రైల్లో పోతున్నారంటే, డబ్బా కట్టుకుని స్టేషన్‌కు వెళతాను. "మమ్మీ, సీట్ దగ్గరికే డెలివరీ చేస్తారు యార్," అంటాడు నా కొడుకు. చేస్తారు, కాదనను. ఏసీ బోగీల అద్దాలు తెరుచుకోవు కాబట్టి వాళ్లను తలుపు దగ్గరికి రమ్మంటాను. డబ్బా అందించి, ఒక చెయ్యి పట్టుకుంటాను. బండి కదిలేటప్పుడు, ఏ చెయ్యి పట్టుకున్నానో గుర్తుపెట్టుకోండి, అక్కడ దిగాక మావాళ్లు అడుగుతారు అని చెబుతాను.