జింకల కోసం ఒగ్గిన సందు

మా వరహాలమ్మ వదిన మొండిఘటం. ఈ మాట ఆవిడ ఎదుటే అంటాను, నాకేం భయం! అరవై ఏడులో ఉద్దానం అంతా జీడితోటలు వేస్తుంటే మా అన్న పోలారావు కూడా నౌపడ వైపు గడ్డి బీడు దున్నించి జీడిమొక్కలు నాటాడు. చుట్టూ మొగలి కంచె. ఆ ముళ్లలో కుక్క కూడా దూరదు.

ఎండాకాలం జింకలు ఆ బీడు మీదుగానే ఉప్పుటేరు పక్కన పచ్చగడ్డికి దిగేవి. పక్క తోటలకూ కంచెలు పడ్డాయి. ఒక తల్లిజింక దారి దొరక్క కంచె వెంబడి అటూ ఇటూ తిరగడం చూసి, ఆ పూట వదిన అన్నం ముట్టలేదు.

"బండి పట్టేంత సందు ఒగ్గేత్తే మన సొమ్మేటి పోద్దయ్యా?" అంది అన్నతో.

"మొక్కలు మేసేత్తే నువ్వు మొలిపిత్తావేటే?" అని అన్న ఎగిరిపడ్డాడు.

ఆవిడ వింటే కదా! కత్తి పట్టుకెళ్లి తానే మొగలి నరికింది. ఊరు నవ్వింది. మంద మాత్రం ఆ సందులోంచే దిగింది. వదిన రోజూ పక్కనే కూర్చుని మురిసిపోయేది. అవీ ఆవిడకి మచ్చికైపోయాయి.

మరుసటి వేసవిలో ఓ పొద్దున వేటగాడు సూర్యం వచ్చాడు. వేటలో జంతువు ఎవరి భూమిలో పడితే వాళ్లకి ఒక తొడ ఇవ్వడం మా వైపు ఆచారం. అడ్డాకుల్లో చుట్టిన తొడ గుమ్మంలో పెట్టాడు.

"నీ వాటా, వరహాలప్పా. ఇదివరకు బీడంతా తిరిగినా ఒకటి దొరికీది కాదు. ఇప్పుడన్నీ నీ సందులోకే వత్తన్నాయి. వల కట్టి కూకుంటే సాలు. నీ పున్నెమే, అప్పా!"

వాడు మర్యాదగానే అన్నాడు. నాకు మాత్రం వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది. వదిన ఆ తొడని వెనక్కి నెట్టేసింది.

"సందు మూసీ, ఒదినా," అన్నాను.

"మూసేత్తే ఎటెల్తాయిరా? ఇంకో దారేది?"

వల కట్టొద్దని బతిమాలింది. సూర్యం సరేనన్నాడు. పక్క ఊరివాళ్లు వినలేదు, కట్టుకోడానికి వలలు తెచ్చారు.

ఆ సాయంత్రం మంద సందు దగ్గరికి వచ్చింది. వదిన ఒడి నిండా మట్టిగడ్డలతో అడ్డంగా నిలబడింది.

"పోండి! మడిసిని సూత్తే పారిపోవాల!" అని ఏడుస్తూ విసిరింది.

అవి బెదిరితేనా! ఆవిడే కదా అని నిలబడి చూశాయి. ఒక పిల్లజింక ఇంకాస్త దగ్గరికి వచ్చింది.

అప్పుడు వదిన గడ్డలు పారబోసి రాయి అందుకుంది.